మరునాటి కనికరము

చదువుకొనవలసిన వాక్యభాగములు: లూకా 10:25–37, యోహాను 9:1–7, నిర్గమ 17:8–13, గలతీ 6:1–5

మంచి సమరయుని ఉపమానము మన ఆదివారపు బడి పిల్లలకు సహితము కంఠస్థమే. దొంగలు కొట్టి విడిచిన మనుష్యుడు, ప్రక్కగా పోయిన యాజకుడు, లేవీయుడు, ఆపైన గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టిన సమరయుడు. మనము గోడలకు తగిలించు పటములలోను ఈ దృశ్యమే కనబడును. అయితే ప్రభువు ఆ కథను దారిలో ముగింపలేదు, పూటకూళ్ల యింటిలో ముగించెను. మరునాడు సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టి, ఆ గాయపడినవానిని అతనికి అప్పగించి, అంతకంటె ఎక్కువైనది తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. ఆ మరునాటిని గూర్చి మనము ప్రసంగములు వినుట అరుదు. పూటకూళ్లవానిని గూర్చి అసలే వినము.

ఈ నెల నా మనస్సును పట్టి పీడించుచున్న ప్రశ్న ఇది. మొదటి దినమున కనికరపడినవాడు మరునాటికి కూడ బాధ్యుడా? ఒక బిడ్డను నెలల తరబడి, ఏండ్ల తరబడి ఆసుపత్రికి త్రిప్పవలసిన తల్లియో, అమ్మమ్మయో అలసి మానివేసినయెడల, ఆ తప్పిదము ఎవరిది?

ప్రశ్న ఊరక పుట్టలేదు. రాజాములో మా సంఘమందు ఒక అమ్మమ్మ ఉన్నది. ఆమె కుమార్తెకు గర్భము ధరించిన తొలి నెలలలో కొద్దిపాటి జ్వరము, ఒంటిమీద సన్నని దద్దురులు వచ్చి మూడు దినములలో పోయెను. ఎవరును లెక్కచేయలేదు. బిడ్డ పుట్టినప్పుడు రెండు కనుపాపలలోను తెల్లని మచ్చ కనబడెను. విశాఖపట్నము తీసికొనిపోగా వైద్యులు అది తల్లి కడుపులో సోకిన రుబెల్లా వలన కలిగిన శుక్లమని చెప్పి, రెండు కన్నులకును శస్త్రచికిత్స చేసిరి. మేము చందా వసూలు చేసితిమి. బిడ్డను బలిపీఠము యెదుటికి తెచ్చి స్తుతి ఆరాధన జరిపితిమి. అందరి కన్నులును చెమ్మగిల్లెను.

ఇంచుమించు ఏడాదికి ఆ వీధిలో పోవుచు ఆ బిడ్డను చూచితిని. అరుగుమీద గోడకు చేరబడి, నా అడుగుల చప్పుడు వచ్చిన వైపునకు ముఖము త్రిప్పుచున్నాడు. కన్నులకు అద్దములు లేవు.

“కళ్ళద్దాలేవమ్మా?” అని అడిగితిని.

“పగిలిపోనాయి బాబూ. మళ్ళీ ఎల్లాలంటే ఎవరు తీసుకెల్తారు? అమ్మా బాబూ హైదరాబాదు పనికెల్లిపోనారు. ఆపరేసన్ అయిపోనాది గదా, సూస్తన్నాడు గదా, మరింకేటి?” అన్నది.

కాగితములు తీసి చూడగా నాలుగు తేదీలు తప్పిపోయినవి. గద్దింపు నా నోటివరకు వచ్చెను. అంతలో నాకే ఒక లెక్క తట్టెను. ఆ స్తుతి ఆరాధన తరువాత మేము ఆ యింటికి ఎన్ని మారులు పోయితిమి? ఒక్కసారియు లేదు. ఆమె నాలుగు తేదీలు తప్పినది, మేము ఏడాది పొడుగున తప్పితిమి.

ఈ జబ్బును గూర్చి కొంత తెలిసికొననిదే ఈ ప్రశ్న అర్థము కాదు. 1941లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరములో నార్మన్ గ్రెగ్ అను కంటి వైద్యుడు, పుట్టుకతోనే శుక్లములున్న శిశువులు ఒక్కసారిగా అనేకులు తనయొద్దకు వచ్చుట చూచి ఆశ్చర్యపడెను. విచారింపగా ఆ తల్లులలో ఎక్కువమందికి గర్భము తొలి దినములలో రుబెల్లా సోకియుండెను. పెద్దవారికి చిన్నపాటి జ్వరమైన ఆ జబ్బు గర్భములోని శిశువునకు ఇంత కీడు చేయునని లోకమునకు తెలిసినది అప్పుడే. ఆ శిశువులలో అనేకులకు చెవుడు కూడ ఉన్నదని మాత్రము తరువాతి సంవత్సరములలో గాని తేటపడలేదు. కన్ను మొదట చూపిన దానిని చెవి ఆలస్యముగా చూపెను. బిడ్డను విడువక చూచుచు వచ్చినందుననే ఆ సంగతి తెలిసినది.

రుబెల్లా ఒక్కటే కాదు. సైటోమెగలో వైరస్, సిఫిలిస్, టాక్సోప్లాస్మా, హెచ్.ఐ.వి. మొదలైనవి తల్లినుండి బిడ్డకు సోకగలవు. సైటోమెగలో వైరస్ సోకిన శిశువులలో ఎక్కువమంది పుట్టినప్పుడు ఏ గురుతును చూపరు. మొదటి వినికిడి పరీక్షలో నెగ్గిన బిడ్డకే కొన్ని నెలలకో, సంవత్సరములకో వినికిడి తగ్గవచ్చును. అందుచేత బడికి పోవు ప్రాయమువరకు మరల మరల పరీక్షింపవలెను. టాక్సోప్లాస్మా వలన కంటి లోపలి పొరకు దెబ్బ ఎన్నో ఏండ్లకు బయటపడవచ్చును. సిఫిలిస్‌కు పెన్సిలిన్ సూదులు వేసిన తరువాత కూడ, రక్తములో దాని గురుతు పోవువరకు రెండు మూడు నెలల కొకసారి పరీక్ష చేయవలెను. హెచ్.ఐ.వి. గల తల్లి బిడ్డకు ఆరు వారములకు మొదలు పెట్టి పదునెనిమిది నెలలవరకు పరీక్షలు జరిగిన పిమ్మటనే కడపటి మాట చెప్పుదురు.

ఇక శుక్లము మాట. మన ప్రాంతపువారికి శుక్లమన్న వెంటనే ముసలివారు జ్ఞాపకము వత్తురు. కంటి శిబిరమునకు తీసికొనిపోవుదురు, ఆపరేషను చేయుదురు, కట్టు విప్పుదురు, తాతకు చూపు వచ్చును, పని ముగియును. ఆ తాత అరువది ఏండ్లు చూచినవాడు. చూచుట ఎట్లో అతని మెదడునకు ముందే తెలియును. పసిబిడ్డకు అది తెలియదు. కన్ను తెరపి పొందిన తరువాత మెదడు చూచుటను నేర్చుకొనవలెను. అందుకు అద్దములు కావలెను. బిడ్డ ఎదిగిన కొలది అద్దపు బలము మార్చవలెను. ఒక కన్ను వెనుకబడినచో, దానికి పని చెప్పుటకై బాగున్న కన్నును దినమునకు కొంతసేపు మూయవలెను. ఆ తొలి ఏండ్లు దాటినచో మెదడు ఆ పాఠమును సరిగా నేర్వదు. మరియు శస్త్రచికిత్స జరిగిన కంటిలో ఏండ్లు గడచిన తరువాత కూడ నీటి ఒత్తిడి పెరిగి చూపు చెడవచ్చును. ముసలివానికి ఆపరేషను ముగింపు, బిడ్డకు అది ఆరంభము. ఆ అమ్మమ్మ తనకు తెలిసిన లోకానుభవమును బట్టియే మాటలాడినది. ఆమె మాటలో అశ్రద్ధకంటె, మేమెవరమును విప్పి చెప్పని సంగతియే ఎక్కువగా ఉన్నది.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. సామాన్యముగా మనము చెప్పుకొను జవాబులు మూడు.

మొదటిది: తప్పు తల్లిదే. ఈ జవాబు క్రొత్తది కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచిన శిష్యులు, ఈ పాపము వీనిదా, వీని కన్నవారిదా అని అడిగిరి. ప్రభువు ఆ లెక్కల పుస్తకమును తెరువనే లేదు. ఎవరినిబట్టి కలిగెనను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, ఇప్పుడు జరుగవలసిన దేవుని పనివైపు వారి కన్నులు త్రిప్పెను. రుబెల్లా విషయములోనైతే తల్లిని నిందించుటకు లోకరీతిగా కూడ ఆధారము లేదు. తట్టు, రుబెల్లా రెంటికిని కలిపిన టీకాను మన ఆంధ్రప్రదేశములో 2017 ఆగస్టులో ఉద్యమముగా తొమ్మిది నెలలు మొదలు పదిహేనేండ్ల లోపు పిల్లలకు వేసిరి. ఆనాటికి పదిహేనేండ్లు నిండిన ఆడపిల్లలకు ఆ ఉద్యమములో అది అందలేదు. వారిలో ఎందరో నేడు తల్లులు. తమకు ఎవరును ఇవ్వని దానిని వారు పోగొట్టుకొన్నారని ఎట్లు అందుము?

రెండవది: నిజమైన ప్రేమ ఉంటే దారి అదే దొరకును. ఈ మాట చెప్పువారు సాధారణముగా దారి నడువనివారు. రాజామునుండి విశాఖపట్నము నూరు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. రైలెక్కవలెనన్న చీపురుపల్లి వంటి చోటికి పోవలెను. ఒక పరీక్షకు ఒక దినము పూర్తిగా పోవును, చీటీ ఆలస్యమైన రెండవ దినము కూడ పోవును. ఊడ్పుల కాలములో ఆ దినపు కూలి పోయిన ఆ వారము తిండికి ఇబ్బంది. ఇంటనున్న తక్కిన పిల్లలను ఎవరు చూతురు? తొలి కాన్పు పుట్టింట జరుగును, కాగితములు అచ్చటనే ఉండిపోవును, బిడ్డ అత్తవారింటికి వచ్చును. తలిదండ్రులు వలస పోవుదురు, ఫోను నంబరు మారును, పిలిచినవారికి జవాబు ఉండదు. 2022 ఏప్రిల్‌లో రాజాము శ్రీకాకుళము జిల్లానుండి విజయనగరము జిల్లాకు మారినది. చదువురాని అమ్మమ్మకు, మునుపటి కాగితము పట్టుకొని ఇప్పుడు ఏ ఊరికి పోవలెనో తెలియుట ఎట్లు? 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. అది గొప్ప మేలే. అయినను అది తీసివేసినది ఒక్క బరువు మాత్రమే.

అమాలేకీయులతో యుద్ధము జరుగునప్పుడు మోషే చేతులు బరువెక్కెను. దానిని అవిశ్వాసమని లేఖనము ఎక్కడను అనలేదు. చేతులు చేతులే. అహరోనును హూరును మోషేకు ప్రసంగము చేయలేదు. ఒక రాయి తెచ్చి కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులను ఎత్తి పట్టిరి. అలసినవారికి చేయవలసినది అదే.

మూడవ జవాబు మన సంఘములలోనే వినబడును: ప్రార్థించితిమి, దేవుడు బాగుచేసెను, మరల ఆసుపత్రికి పోవుట అవిశ్వాసము కాదా? ఇది వినుటకు భక్తిగా ఉన్నది గాని లేఖనమునకు సరిపడదు. లేవీయకాండము పదుమూడవ అధ్యాయమున యాజకుడు చర్మముమీది మచ్చను ఒక్కసారి చూచి విడువడు. ఏడు దినములు ఆగి మరల చూచును, ఇంకను ఏడు దినములు ఆగి మూడవసారి చూచును. మన ప్రభువు పదిమంది కుష్ఠరోగులను యాజకులకు కనుపరచుకొనుడని పంపెను. స్వస్థపరచగల ఆయనయే పరీక్షకు పొమ్మని చెప్పగా, పరీక్ష విశ్వాసమునకు విరోధమని మనమెట్లు చెప్పుదుము? స్తుతి ఆరాధనలో బిడ్డను నిలువబెట్టిన మేము, మాకు తెలియకయే, ఆ అమ్మమ్మ చెవిలో “అయిపోయినది” అను మాట వేసితిమేమో యని నాకు భయము.

అట్లయిన బిడ్డను చూచువారికి ఏ బాధ్యతయు లేదా? ఉన్నది. ఎవరి తప్పయినను బిడ్డ కన్ను మాత్రము ఆగదు, పోయిన నెలలు తిరిగి రావు. ఈ నిజమును మెత్తపరచుట దయ కానేరదు. అయితే భారము వేరు, నేరము వేరు. నేరమును ఒకరిమీద మోపుటకే వీలగును, భారమును పదిమంది పంచుకొనవచ్చును. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయమున పౌలు ఒకరి భారములు ఒకరు మోయవలెనని చెప్పి, కొన్ని వచనములలోనే ఎవని బరువు వాడే మోయవలెనని కూడ చెప్పును. రెండును సత్యమే. బిడ్డ చేయి పట్టుకొని పోవలసినది అమ్మమ్మయే. ఆ పోకడను సాధ్యము చేయవలసినది మనము. మనము మన పాలు మోయకయే ఆమె తన పాలు మోయలేదని చెప్పుట, రెండు దేనారములు ఇయ్యకయే పూటకూళ్లవానిని గద్దించుట వంటిది.

సమరయుడు ఏమి చేసెనో చూడుడి. నాకున్నంత ప్రేమ నీకును ఉండవలెనని అతడు పూటకూళ్లవానికి బోధింపలేదు. ముందు సొమ్ము ఇచ్చెను. ఇంకను కాగల ఖర్చునకు హద్దు పెట్టలేదు. తిరిగి వత్తునని చెప్పెను. వచ్చి అడుగువాడొకడు ఉన్నాడని తెలిసినప్పుడు, చూచువానికి చేయి నిలుచును.

ఇట్టి మరునాటి కనికరమును మన ప్రాంతము ఎరుగును. ఉమ్మడి శ్రీకాకుళము జిల్లా సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ వైద్యుడు బెన్ గల్లిసన్ దొర వేలమంది కన్నులకు చికిత్స చేసెను. ఆయన పనికి తోడుగా, కెనడాలోని కాల్గరీ నగరపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అను సంస్థను స్థాపించెను. కత్తి పట్టినవాడు ఒకడు, దూరమునుండి మానక పంపినవాడు మరియొకడు. సోంపేట రోగి ముఖమును ఎన్నడు చూడని విశ్వాసులు కూడ ఆ పనిలో పాలివారైరి. మనమైతే వీధి చివరనున్న బిడ్డకు దూరస్థులమై యున్నాము.

చేయగలిగినది పెద్దదేమియు కాదు. బిడ్డను చూచువారిని కలిసినప్పుడు “బాగున్నాడా?” అని అడుగుట మాని, “మరల ఏ తేదీకి రమ్మన్నారు?” అని అడుగుదము. మొదటి ప్రశ్నకు “బాగున్నాడు” అను జవాబే వచ్చును, అది ఈ దినపు మాట మాత్రమే. స్త్రీల సమాజము ఒక పుస్తకములో ఆ తేదీని వ్రాసికొని, వారము ముందుగా ఒకరు ఇంటికి పోయి, ఆ దినమున మరొకరు తోడుగా బయలుదేరవలెను. కాగితములన్నియు ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, ఫోనులో ఫోటో తీసి, వలస పోవు తలిదండ్రులకు కూడ పంపవలెను. తేదీలు తప్పినవారు తిట్లకు భయపడి అసలే పోరు. ప్రక్కన మరియొక మనిషి ఉన్నచో ఆ భయము సగమగును. ఎంత ఆలస్యమైనను పోవుట మేలు.

సర్కారు సహాయము కూడ కలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వరకు పిల్లలను పరీక్షించుటకు ఏర్పడినది. పుట్టు శుక్లము, పుట్టు చెవుడు, పుట్టు గుండె జబ్బు దాని పట్టికలో ఉన్నవి. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడిగినచో జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు దారి చెప్పుదురు. ఆరోగ్యశ్రీయను పేరుతో 2007లో మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవయను పేరుతో నడచు పథకము క్రిందికి ఏ చికిత్స వచ్చునో ముందుగా అడిగి తెలిసికొనవలెను.

ఇక నాలుకను గూర్చి ఒక మాట. కొన్ని జబ్బుల పేర్లు వినినంతనే మనము ఆ యింటి చరిత్రను త్రవ్వుదుము. సిఫిలిస్ అనియో, హెచ్.ఐ.వి. అనియో ప్రార్థన మనవులలో బహిరంగముగా చదివినచో ఆ తల్లి ఆసుపత్రి గుమ్మమునే కాదు, దేవాలయపు గుమ్మమును కూడ తొక్కదు. ప్రార్థనకు జబ్బు పేరు అక్కరలేదు, దేవునికి అది తెలియును. రుబెల్లాతో పుట్టిన శిశువునుండి ఏడాదివరకు ఆ వైరసు ఇతరులకు అంటవచ్చును గనుక, వైద్యులు పరవాలేదని చెప్పువరకు గర్భిణీ స్త్రీలు ఎడముగా ఉండుట మంచిది. కాని అది తల్లిని వెలివేయుటకు సాకు కారాదు. కాన్పులు ముగిసిన పెద్దమ్మలు ఆమె ప్రక్కన కూర్చుండవచ్చును. మన యింటి పిల్లలకు తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, పదునారు నుండి ఇరువదినాలుగు నెలల మధ్య మరొకసారి ఆ టీకా వేయించుటయు పొరుగువాని ప్రేమలో భాగమే. అది మన బిడ్డనే కాదు, ప్రక్క యింటి గర్భిణిని కూడ కాపాడును.

ఆ అమ్మమ్మతో ఇద్దరము బయలుదేరి పోతిమి. వైద్యుడు మృదువుగానే చెప్పెను, కాని నిజమే చెప్పెను. ఒక కన్ను చాల వెనుకబడినది, అది ఎంతవరకు తేరుకొనునో ఇప్పుడు చెప్పలేము. క్రొత్త అద్దములు ఇచ్చి, తలచుట్టు పట్టీతో బిగించిరి. తిరుగు ప్రయాణములో బిడ్డ బస్సు కిటికీలోనుండి చూచుచునే ఉండెను. అమ్మమ్మ నాతో ఒకే మాట అన్నది: “ఈపాలి ఎప్పుడెల్లాలో మీరు రాసుకున్నారా బాబూ?”

వ్రాసికొన్నాను. ఆ తేదీ ఇప్పుడు మా సంఘపు పుస్తకములో ఉన్నది. మీ సంఘములో అట్టి తేదీ ఎవరి పుస్తకములోనైనను ఉన్నదా?

ప్రార్థన: కనికరముగల తండ్రీ, దారిలో కరిగి మరునాటికి ఆరిపోవు మా దయను క్షమించుము. అలసిన తల్లుల చేతుల క్రింద మా చేతులను ఉంచుము. నీవు తిరిగి వచ్చి లెక్క అడుగు దినమున, మాకు అప్పగింపబడిన చిన్నవారిని నీకు చూపగల ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.